లెన్సుకు నుదురెక్కడ

సూళ్లూరుపేట బజారులో నాది పటాలు కట్టే కొట్టు. దేవుళ్లు, పెళ్లిజంటలు, పోయిన పెద్దలు, ఎవరైనా సరే నా చేతిమీదుగానే గోడెక్కాలి. ఫోటో ఎలా ఉందని నన్నెవరూ అడగరు. అడక్కపోయినా చెప్పడం నా గుణం. మసకబారిన ఫోటో తెచ్చి దానికి మంచి టేకు చట్రం కట్టమంటే నాకు ఒళ్లు మండుతుంది. నా పక్క కొట్టే శివశంకర్ స్టూడియో. అందువల్ల ఏడాదికి పైగా నాకు ఆ మంటకు కరువు లేకుండా పోయింది.

అలాగని శంకర్ పని రానివాడు కాదు. పెళ్లిలో అతను తీసిన ఫోటో చూస్తే తలంబ్రాల బియ్యంలో గింజలు విడివిడిగా కనిపిస్తాయి. ఏడ్చే పిల్లని నవ్విస్తాడు, బిగుసుకుపోయిన పెళ్లికొడుకుని మాటల్లో పెట్టి మెత్తబరుస్తాడు. నలభై ఏళ్లు రాకముందే చుట్టుపక్కల మండలాల్లో పేరు తెచ్చుకున్న మనిషి. తంటా అంతా ఆ పొడుగు లెన్సుతో వచ్చింది.

శంకర్‌ది పులికాట్ సరస్సు ఒడ్డున దిబ్బపాళెం. తండ్రి సరస్సులో వేట చేసి బతికినవాడు. కొడుకుని పడవెక్కిస్తే వాడు వలకేసి చూడడు, ఆకాశంకేసి చూస్తాడు. ముక్కు కింద తోలుసంచి వేలాడే గూడబాతులు బారులు తీరి పోతుంటే నోరు తెరుచుకుని కూర్చునేవాడట. వీడు వల పట్టుకుంటే చేపలన్నీ పక్షులపాలేనని తండ్రి తిట్టేవాడని చెప్పి పిచ్చమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. పిచ్చమ్మ శంకర్ తల్లి. భర్త పోయాక రొయ్యల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి, సాయంత్రాలు చిరిగిన వలలు బాగుచేసి కొడుకుని నిలబెట్టింది. వాడు కెమెరా పట్టుకుంటానంటే చుట్టాలంతా వద్దన్నారు. చేపలు పట్టడం చేతకానివాడు మనుషుల ముఖాలన్నా పట్టుకుంటాడులే అని ఆమె ఒక్కతే ఒప్పుకుంది.

మా వైపు చలికాలం వచ్చిందంటే చెరువుల్లోని కడప చెట్ల మీద గూడబాతులు, కొంగలు గూళ్లు కడతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలని ఊళ్లవాళ్లు వాటికి పేరు పెట్టుకున్నారు. అవి వచ్చిన ఏడాది పంట బాగుంటుందని నమ్మకం. అవి గూళ్ల మీద ఉన్నన్నాళ్లు ఆ చెరువుగట్టున టపాకాయ కాల్చరు, డప్పు కొట్టరు. పెళ్లి ఊరేగింపు అటు పోతే ఆ కాస్త దూరం బ్యాండు మేళంవాళ్లు వాయిద్యాలు చంకన పెట్టుకుని నడవాల్సిందే. పుట్టింటివాళ్ల మర్యాద అలాంటిది మరి.

ఆ ఆడబిడ్డల్ని కంటిరెప్పతో సహా కనిపించేలా ఫోటో తీయాలని శంకర్ కోరిక. గట్టుకూ చెట్లకూ నడుమ నీళ్లు. దగ్గరికి పోతే పక్షులు లేచిపోతాయి. పోకుండా దగ్గరగా చూడాలంటే పొడుగు లెన్సు ఉండాలి. రెండు పెళ్లిళ్ల సీజన్లు ఆగి, చెన్నైలో పని మానుకున్న ఒక ముసలి ఫోటోగ్రాఫరు దగ్గర పాతది కొన్నాడు. ముదురు సొరకాయంత పొడుగు, అంతకంటే బరువు. ముసలాయన దాన్ని చేతికిస్తూ ఒక మాట చెప్పాడట. ముందు అద్దాన్ని వేలితో ముట్టుకోవద్దు, గుడ్డతో తుడవొద్దు, పైపూత పోతే లెన్సు పోయినట్టే, దుమ్ము పడితే రబ్బరు బుడ్డితో గాలి ఊది వదిలెయ్ అని. శంకర్ ఆ మాటను గురువు ఉపదేశంలా చెవిలో పెట్టుకున్నాడు.

తెచ్చిన రోజే మా కొట్ల ముందు నిలబడి కరెంటు స్తంభం మీది కాకిని ఒక ఫోటో తీశాడు. కాకి కంట్లో మా బజారు కనిపించింది. ఆ ఫోటోకు నేను డబ్బు తీసుకోకుండా పటం కట్టిచ్చాను. నా జీవితంలో కాకికి పటం కట్టడం అదే మొదలు.

ఆ వెంటనే దసరా వచ్చింది. ఆయుధపూజనాడు పనిముట్లన్నిటికీ గంధం, కుంకుమ పెట్టడం మాకు మామూలే. నా కొట్లో సుత్తికి కూడా బొట్టు పడుతుంది. శంకర్ ఇంట్లో కెమెరాలు పీట మీద పెట్టి పిచ్చమ్మ పూజ చేసింది. పొడుగు లెన్సు దగ్గరికి వచ్చేసరికి శంకర్ అడ్డం పడి, దాని మూతకు మాత్రమే బొట్టు పెట్టమన్నాడు. మూతకు పెడితే ముఖానికి పెట్టినట్టా అని ఆమె సణుగుతూనే మూతకు పెట్టింది. ఈ ముచ్చట శంకరే మర్నాడు నాకు చెప్పి నవ్వాడు.

దసరా వెళ్లాక గూడబాతులు దిగాయి. శంకర్ చెరువుగట్టు మీదికి పోయి తీసుకొచ్చిన ఫోటోలు చూసి నేను కళ్లజోడు తుడుచుకున్నాను. తుడుచుకున్నా అవి అలాగే ఉన్నాయి. పక్షి ఉంది, గూడుంది, కొమ్మ ఉంది, అన్నిటి మీదా పలచటి మజ్జిగ పోసినట్టు ఒక తెల్లటి పొర ఉంది.

ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. మా శంకర్ దానికి తిరగబడ్డ రకం. మద్దెల ఓడేమో చూసుకో నాయనా అని నేనంటే, కాదన్నా నాకే ఆట రాలేదు అంటాడు. సాక్ష్యం గోడ మీదే ఉంది కదా అని కాకి పటం చూపిస్తాడు. లెన్సుది తప్పయితే కాకి అంత బాగా ఎలా వచ్చిందని అతని వాదన. దాన్ని చెన్నై తీసుకుపోయి చూపించాలని ఎప్పుడనుకున్నా ఆ కాకి అడ్డం వచ్చేది.

అందుకని తప్పంతా తనమీద వేసుకుని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పొడుగు లెన్సులో చెయ్యి వెంట్రుకవాసి కదిలితే అక్కడ పక్షి జానెడు కదిలినట్టని తెలుసుకుని షట్టరు వేగం పెంచాడు. గట్టి ట్రైపాడ్ కొన్నాడు. దాని కాళ్లు పూర్తిగా సాగదీస్తే గాలికి ఊగుతాయని కూర్చుని తీయడం అలవాటు చేసుకున్నాడు. నడుమ బరువుగా ఇసుక సంచి వేలాడదీశాడు. పాత ప్యాంటు కాలు కత్తిరించి, అందులో బియ్యం పోసి కుట్టి, గట్టు మీది రాతిపై వేసి దానిమీద లెన్సు ఆనించి చూశాడు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సులోని వణుకు ఆపే మీట ఆపెయ్యాలని ఎక్కడో విని అదీ చేశాడు. ఎండెక్కితే నీళ్ల మీద గాలి మరిగి బొమ్మ అల్లాడుతుందని తెలిసి పొద్దున్నే పోవడం, లేదంటే సాయంత్రం ఎండ చల్లబడ్డాక పోవడం మొదలుపెట్టాడు. ఊపిరి సగం వదిలి, ఆపి, వేలు నొక్కినట్టు కాక బరువు దింపినట్టు మీట మీద వాల్చడం కొట్లో ఖాళీగా ఉన్నప్పుడు కూడా సాధన చేసేవాడు. ఉత్త చేత్తో గాలిలో మీట నొక్కుతున్న మనిషిని చూసి, వచ్చిన గిరాకీ నా కొట్టుకేసి చూసి కళ్లతోనే సంగతేమిటని అడిగేది.

ఇంత చేసినా మజ్జిగ పొర పోలేదు, ఇంకాస్త చిక్కబడింది. ఊళ్లో పనిలేని నోళ్లకు కొదవా? టీ కొట్టు దగ్గర అతనికి మసక శంకర్ అని పేరు పడింది. మా అత్తను నీ పొడుగు లెన్సుతో తియ్యన్నా, ముడతలు కనపడవు అని ఒకడు. నీ పక్షికీ నా పక్కింటి కోడికీ తేడా చెప్పు అని ఇంకొకడు. శంకర్ వాళ్లతో పాటు తనూ నవ్వి టీ తాగేవాడు. కొట్లోకి వచ్చాక మాత్రం తీసిన పక్షులన్నీ కెమెరాలో మళ్లీ మళ్లీ తిప్పి చూసుకునేవాడు. అది చూస్తే నాకు టీ కొట్టువాళ్ల మీద పట్టరాని కోపం వచ్చేది.

అలా ఒక సీజను పోయి రెండో సీజను సగంలోకి వచ్చింది. మాఘమాసం. గూళ్లలో పిల్లలు గొంతులు చించుకునే కాలం. చెరువు కాపలా చూసే కామాక్షయ్య ఒక గురువారం పొద్దున స్టూడియోకు వచ్చి, ఒక గూడబాతు నోరు తెరవడం లేదని చెప్పాడు. ముక్కుకు ఏదో చుట్టుకున్నట్టుందట. గూడబాతు పిల్ల తల్లి నోట్లో తల దూర్చి మేత తింటుంది. ఈ పిల్ల ముక్కుతో తల్లి ముక్కును పొడిచి పొడిచి అరుస్తోందట. జంటలోని రెండో పక్షి తెచ్చేది పిల్లకు చాలడం లేదట. నోరు కట్టుబడిన పక్షి రోజురోజుకూ గూట్లోనే కుంగిపోతోందట.

ఫారెస్టు ఆఫీసరు నరేంద్రబాబు దుర్భిణీతో చూశాడు. ముక్కు మీద ఏదో నల్లగా ఉందిగానీ అది వలముక్కో, నాచో, చేపతోకో తేల్చుకోలేకపోయాడు. ఆయన ఇబ్బంది కూడా నిజమైనదే. పిల్లలున్న వేళ చెట్ల మధ్యకు పడవ పోతే వందల పక్షులు ఒక్కసారి లేస్తాయి. ఆ తొక్కిసలాటలో పిల్లలు నీళ్లలో పడతాయి, గద్దలు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఒక పక్షి కోసం పదింటి ప్రాణం తీసినట్టవుతుంది. అందుకే పైవాళ్ల అనుమతి లేకుండా ఎవరూ లోపలికి పోకూడదు. ఆ మాటే శంకర్‌కు చెప్పాడు.

"ఒక్క ఫోటో క్లియర్‌గా తెచ్చివ్వు శంకర్. అది వలే అని తేలితే ఆ ఫోటో పంపి నేను అనుమతి తెస్తాను, పడవ కూడా నేనే ఎక్కుతాను."

పెద్ద లెన్సులున్న వాళ్లు చెన్నై నుంచి ఆదివారం గానీ రారు. అంతదాకా ఆ పక్షి ఆగేలా లేదు. ఆ గురువారం సాయంత్రం శంకర్ గట్టు మీద కూర్చుని ఎండ ఉన్నంతసేపూ తీశాడు. తీసినవన్నీ నరేంద్రబాబుకు చూపించాడు. ఆయన ఒక్కో ఫోటో పెద్దది చేసి చూశాడు. పెద్దది చేసిన కొద్దీ మజ్జిగే కనిపించింది. కెమెరా తిరిగి ఇచ్చేశాడు. తిట్టినా బాగుండేదన్నా అని శంకర్ నాతో అన్నాడు.

ఆ రాత్రి ఇంట్లో ఈ సంగతి చెబితే పిచ్చమ్మ కంచం ముందు నుంచి లేచిపోయిందట. పచ్చి బాలింతరా అది, నోరు కట్టేస్తే బిడ్డకు ఏం పెడతాది అందట. అతని భార్య స్వర్ణ ఎంత సముదాయించినా ఆమె అన్నం ముట్టలేదట.

శుక్రవారం పొద్దున శంకర్ కొట్టు తాళం కూడా తీయకుండా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. లెన్సు ఇంటినుంచి తెచ్చి నా దగ్గర పెడతానని, ఆదివారం వచ్చేవాళ్లకు ఎవరికైనా చూపించి అమ్మిపెట్టమని అడిగాడు. మంచి చేతిలో పడితే కనీసం వాళ్లయినా ఆ పక్షిని తీస్తారని అతని ఆలోచన. పద, నేనూ వస్తాను, పిచ్చమ్మ దగ్గర రొయ్యలు తీసుకోవాలి అని అబద్ధం ఆడి అతని బండి ఎక్కాను.

దిబ్బపాళెం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. స్వర్ణ తడ దగ్గర కంపెనీలో పనిచేస్తుంది, ఆమె బస్సు తెల్లారేసరికే పోతుంది. శంకర్ కూడా శుక్రవారం ఈ వేళకు ఇంట్లో ఉండడు. ఇంట్లో పిచ్చమ్మ ఒక్కతే ఉంది. తల స్నానం చేసి, జుట్టుకు కొబ్బరినూనె రాసుకుని, దేవుడి గూటి ముందు దీపం పెట్టింది. దీపం పక్కన పీట. పీట మీద పొడుగు లెన్సు, మూత తీసి, ముఖం పైకి పెట్టి ఉంది.

మేం గుమ్మంలోనే ఆగిపోయాం. నూనె అంటిన చేత్తోనే ఆమె గంధం తీసుకుని, అద్దం నట్టనడుమ బొట్టు పెట్టింది. దానిమీద కుంకుమ అద్దింది. కర్పూరం వెలిగించి చూపింది. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఆ తర్వాత కొంగు కొసతో ఆ బొట్టు జాగ్రత్తగా తుడిచి, నోటి ఆవిరి ఊది, మళ్లీ తుడిచి, మూత అందుకుంది.

"ఏందమ్మా అది?" అన్నాడు శంకర్.

ఆమె ఉలిక్కిపడలేదు. "కనపడితే నువ్వు అరుస్తావని తుడిచేస్తుండాలే అబ్బయా. పెట్టిన ఫలం యాడికి పోతాది?"

"ఎన్నాళ్లబట్టి?"

"ఆ దసరాబట్టే. మూతకు పెట్టి ముఖం వదిలేసినాం గదా, మనసొప్పక ఆ శుక్రవారమే పెట్టినా. అయినా దిష్టి తగిలి నీ ఫోటోలు మసక పడతుండాయి. జనాలు నిన్ను ఏందేందో అంటుండారంట. అందుకని ఒక్క శుక్రవారం కూడా మానలేదు నేను."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ నాలుక ఊడేకొద్దీ మందు పెంచుతూ పోయారు. కొడుకు ఫోటో మసకబారితే తల్లి బొట్టు పెట్టడం, బొట్టు పెట్టి తుడిస్తే ఫోటో ఇంకా మసకబారడం. అద్దం ముట్టుకోకూడదని కొడుకు ఒట్టేసుకున్నట్టు ఉండబట్టి, అతని వైపు నుంచి ఒక్క తుడుపూ లేదు. ఒక ఏడాదిపైన శుక్రవారాల నూనె, గంధం, కొంగు పీచు అన్నీ ఆ అద్దం మీదే చేరాయి. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. శంకర్ అరుస్తాడని మాత్రం గట్టిగా అనుకున్నాను.

అతను అరవలేదు. లెన్సు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. వాననీళ్ల మీద పెట్రోలు చుక్క పడితే ఎలా రంగులు తేలతాయో, సూటిగా చూస్తే తేటగానే కనిపించే ఆ అద్దం నిండా అలా ఉంది. అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు. పిచ్చమ్మ కొడుకు పక్కకు వచ్చి నిలబడి తనూ చూసింది. జన్మంతా వలకళ్లు చూసి ముళ్లు వేసిన మనిషి. ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేకపోయింది.

"నా వేళ్లే గదరా అవి," అంది. తన చేతికేసి చూసుకుని, "ఆ బిడ్డ నోరు నేనే కట్టేసినట్టయిందే," అంది.

శంకర్ ఏం చెప్పినా ఆమె వినిపించుకోలేదు. వెళ్లి వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. పీట మీది గంధం గిన్నె ఎత్తి దూరంగా పెట్టేసింది. శంకర్ సంచిలోంచి మామూలు లెన్సులు తుడిచే మందు సీసా, మెత్తటి గుడ్డ తీశాడు. ముసలాయన ఉపదేశం గుర్తొచ్చిందో ఏమో, ఒక్క క్షణం చెయ్యి ఆగింది. పోతే పోయిందిలే అని నేను వెనకనుంచి గట్టిగానే అన్నాను. గుడ్డ మీద చుక్క వేసి, నడుమ నుంచి అంచుకు సున్నాలు చుడుతూ, గుడ్డ మడత మార్చి మార్చి తుడిచాడు. గుడ్డ పసుపుగా అయింది. పైపూతకు ఏమీ కాలేదు.

బయల్దేరబోతూ అతను చేసిన పని నేను మరిచిపోను. లెన్సు ముందు ఎండ పడకుండా ఉండే నల్ల తొడుగు బిగించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. బొట్టు పెట్టమన్నాడు.

"వద్దు నాయనా. నా చెయ్యి ఇంక దానికి తగలకూడదు."

"కంట్లో ఎవరన్నా బొట్టు పెడతారా అమ్మా? అద్దం దాని కన్ను. కన్ను వదిలెయ్." తొడుగు పైభాగం వేలితో చూపించాడు. "ఇదిగో, దీని నుదురు ఈడుండాది. ఈడ పెట్టు. నువ్వు పెట్టకపోతే నేను పోను."

ఆమె లేచి చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. చూపించినచోట బొట్టు గట్టిగా అద్దింది. లెన్సు మాత్రం ఇంచు కదల్లేదు. కదలకుండా పట్టుకోవడం ఆ చేతులు ఏడాదిగా నేర్చుకుంటున్న పనే కదా.

ఆ సాయంత్రం గట్టు మీద నేనూ ఉన్నాను. ఎండ చల్లబడే దాకా శంకర్ కెమెరా తియ్యనే లేదు. నీళ్ల మీది అల్లాడే గాలి తగ్గాక, పడమటి వెలుగు మా వీపుల మీదుగా సూటిగా ఆ చెట్టు మీద పడుతుండగా రాతి మీద బియ్యం సంచి వేశాడు. వణుకు ఆపే మీట సంగతి చూసుకున్నాడు. షట్టరు వేగం పెంచాడు. పక్షి కంటి మీద ఫోకస్ పెట్టి, దాని తల మావైపు తిరిగేదాకా ఊరికే కూర్చున్నాడు. పిల్ల ముక్కుతో పొడుస్తోంది. తల్లి తల పక్కకు తిప్పేసుకుంటోంది. ఒకసారి మావైపు తిప్పింది. శంకర్ ఊపిరి సగం వదలడం నాకు వినిపించింది.

మసక పోయాక గానీ ఆ ఏడాది చదువు ఎంతటిదో అతనికీ తెలియలేదు, నాకూ తెలియలేదు. కెమెరా వెనక బొమ్మలో కళ్లు కనిపించాయి, కంటిచుట్టూ చర్మం ముడత కనిపించింది. పై ముక్కునూ కింది సంచినీ కలిపి బిగించిన పచ్చ నైలాను దారం, దాని ముడి, ముడి పక్కన తెగిన రెండు వలకళ్లు కనిపించాయి. అది నాచు కాదు, చేపతోక కాదు. నరేంద్రబాబు ఆ బొమ్మ పెద్దది చేశాడు, ఇంకా పెద్దది చేశాడు, అది చెదరలేదు. అక్కడికక్కడే ఫోనులో పైవాళ్లకు పంపాడు. చీకటి పడకముందే అనుమతి వచ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే ఒకే ఒక చిన్న పడవలో నరేంద్రబాబు, కామాక్షయ్య, పశువుల డాక్టరు పోయారు. మాట పలుకు లేకుండా, తెడ్డు నీళ్లలో చప్పుడు కాకుండా పోయారు. ఆ పక్షి లేచి పారిపోయే స్థితిలో లేదు. తడిగుడ్డ కప్పి, దారం కత్తిరించి వెంటనే వెనక్కి వచ్చారు. కొన్ని పక్షులు లేచాయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ గూళ్ల మీద వాలాయి. కత్తిరించిన దారం కామాక్షయ్య దిబ్బపాళెం తీసుకెళ్లి పిచ్చమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని వేళ్లతో తడిమి చూసి, ఇది మన పాళేలవాళ్ల వలేనని అంది. ఇప్పుడు ఆమె శుక్రవారం పూజ అయ్యాక సంచి పట్టుకుని సరస్సు ఒడ్డునంతా చిరిగిన వలముక్కలు ఏరుతుంది. ఎందుకవ్వా నీకీ పని అని ఎవరన్నా నవ్వితే, ఆడబిడ్డ పురిటికొచ్చే ఇంట్లో వాకిట ముళ్లు పోసుకుంటామా అని అడుగుతుంది.

ఆదివారం చెన్నై వాళ్లు వచ్చారు. శంకర్ ఫోటో అప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతోంది. ఇంత స్పష్టంగా రావడానికి ఏం సెట్టింగ్ పెట్టారని ఒకాయన అడిగాడు. శుక్రవారం శుక్రవారం నుదుట బొట్టు పెట్టాలండి, కంట్లో మాత్రం పెట్టకూడదు అని శంకర్ ముఖం గంభీరంగా పెట్టి చెప్పాడు. ఆయన సీరియస్‌గా తల ఊపాడు. నేను నవ్వాపుకోలేక చింతచెట్టు చాటుకు పోవాల్సి వచ్చింది. టీ కొట్టువాళ్లు ఇప్పటికీ అతన్ని మసక శంకర్ అనే పిలుస్తారు. మా వైపు ఒకసారి పేరు పడితే అంతే, అది పాడె దాకా వస్తుంది.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం శంకర్ తల్లిని గట్టు మీదికి తీసుకొచ్చాడు. ఏడాదిపైన ఆ లెన్సుకు పూజలు చేసిందే తప్ప పిచ్చమ్మ దాంట్లోంచి ఒక్కసారీ చూడలేదు. శంకర్ ట్రైపాడ్ ఆమె ఎత్తుకు దించి, కెమెరా వెనక నిలబెట్టి, ఒక కన్ను మూయమన్నాడు. ఆమె కొంగు భుజం మీదికి సర్దుకుని, ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని వంగింది.

సరస్సు వైపునుంచి ఆ పక్షి వచ్చింది. గూటి అంచున వాలి, రెక్కలు ముడుచుకుని, నోరు తెరిచింది. అంత దూరాన ఉన్నది నా కళ్లకు చుక్కలా కనిపించింది. పిచ్చమ్మకు మాత్రం ఎదురుగానే ఉంది.

"తల లోపల దూర్చేసిందిరా," అంది. "తింటుండాది. పిల్ల తింటుండాది."

కాసేపు కదలకుండా చూసింది. ఉన్నట్టుండి తల పైకెత్తి కంగారుగా కొడుకు వైపు తిరిగింది.

"మళ్లీ మసక పడిందే అబ్బయా. నేను ముట్టుకోలేదురా. ఒట్టు, చెయ్యి కూడా తగల్లేదు."

శంకర్ లెన్సుకేసి చూడలేదు, తల్లి ముఖంకేసి చూశాడు. "అది లెన్సు కాదమ్మా," అన్నాడు. ఆమె కొంగు కొస తీసి ఆమె చేతిలోనే పెట్టాడు. "ఈసారి తుడువు. నీ కళ్లు తుడుచుకుని చూడు."